ఎడమచేతి 'నేను'

మా యాన్ షౌరెన్ అన్న కుంచె పట్టాడంటే రాసేది ఒకే ఒక్క మాట: 'నేను'. మా చైనా లిపిలో ఆ మాటకి ఒక్క అక్షరం చాలు. ఆయనకి మాత్రం ఒక్క జన్మ చాలేలా లేదు.

ట్రాలీబస్సు నడిపి రిటైరయ్యాక అన్నకి తానెవరో తెలుసుకోవాలన్న గుబులు పుట్టింది. పొద్దున్నే పొడుగు కర్ర కుంచె, బకెట్టు నీళ్ళు పట్టుకుని మా చెంగ్డూ ఊళ్ళోని పార్కుకి పోయి, రాతిపలకల మీద నీళ్ళతో 'నేను' అని రాసేవాడు. చివరి గీత గీసేలోపు మొదటి గీత ఆరిపోయేది. రాత మాత్రం ముద్దొచ్చేది.

"చూశావా ఛిన్ చెల్లెమ్మా, నేననేది ఎంత అశాశ్వతమో!" అంటూ మా సందులోని నా టీ కొట్టుకొచ్చేవాడు.

"ఆవిరైతే అయ్యావుగానీ అన్నా, ఆ తడిచెప్పులు బయట విడువు."

"నీకు నువ్వు దొరికావా?" అని గిరాకీలు ఆటపట్టించేవాళ్ళు.

"ఎక్కడ! ఇవాళ కూడా ఆ అక్షరంలో కొక్కెంలా వంగే గీత దగ్గర తప్పించుకున్నాడు."

భార్య రుయీ వదినకి ఈ వేదాంతం పడేది కాదు. "బియ్యం కడగమంటే కనపడడుగానీ, లేకపోతే ఇంట్లోనే ఉంటాడుగా! దొరికితే నా దగ్గరికి పంపండి, వంకాయలు తరగాలి" అనేది.

మేనల్లుడి పెళ్ళికి ఎర్ర కాగితం మీద నిలువెత్తు బంగారు అక్షరం రాసి వేదిక వెనక వేలాడదీశాడు. ఇంకేముంది, 'నేను'! పెళ్ళికూతురి నానమ్మ కళ్ళజోడు సర్దుకుని, "ఇంతకీ పెళ్ళి ఎవరికి నాయనా?" అంది.

"అదే కదమ్మా అసలు ప్రశ్న!"

ఆ తర్వాత ఏమనేవాడో తెలియదు. రుయీ వదిన ఆయన నోట్లో ఆవిరి రొట్టె కుక్కేసింది.

అలాంటివాడు కిందటి వసంతంలో ఉన్నట్టుండి కుంచె ఎడమచేతికి మార్చాడు. పార్కు మానేసి, నా కొట్టు పక్కనే ఉన్న మెంగ్ మాస్టారి కిటికీ కింద బకెట్టు దించాడు. మాస్టారు ఊళ్ళో సగం దుకాణాలకి బోర్డులు రాసిన మనిషి. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక తెర వేసుకుని లోపలే కూర్చున్నాడు. కూతురు ఎంత బతిమాలినా గడప దాటడు, ముద్ద ముట్టడు.

"ఏంటన్నా ఆ రాత, ఎండ్రకాయ పాకినట్టు?" అన్నాను.

"కుడిచేతిలో ఉన్నవాడు దొంగ, చెల్లెమ్మా! అసలువాడు ఎడమచేతిలో దాక్కున్నాడు!" అని కిటికీ అదిరేలా అరిచాడు.

రోజూ అదే రాత, అదే అరుపు. ఒకరోజు తెర జరిగి కిటికీ తలుపు భళ్ళున తెరుచుకుంది.

"ఒరేయ్ యాన్! అది 'నేను' కాదురా, కాలు విరిగిన మేక!"

"ఏ కాలు మాస్టారూ?"

"కళ్ళు కూడా పోయాయా? కొక్కెం లాగేది అలాగా?"

"నోటితో చెబితే నా మట్టిబుర్రకి ఎక్కదండీ."

లోపల చేతికర్ర టకటకలాడింది. రేగిన జుట్టుతో, కాలికో రకం చెప్పుతో మాస్టారు బయటికొచ్చాడు. చేతికర్ర నా మీద పడేసి, గోడకి ఆనుకుని, ఎడమచేత్తో కుంచె లాక్కున్నాడు. గీత వణికింది, వంగింది, ఎలాగో పూర్తయింది.

"ఛీ! ఇదీ మేకే."

"మీ మేక నిలబడింది మాస్టారూ" అన్నాడు అన్న.

మాస్టారికి నవ్వాగలేదు.

ఇక రోజూ ఇద్దరూ అక్కడే. ఒకరు గీకడం, ఒకరు తిట్టడం. తిట్టి తిట్టి ఆకలేసి, మాస్టారు నా కొట్లో కారం నూడుల్సు లాగించేవాడు. ఒక ఉదయం అన్న ఇంకా రాకముందు నా చెవి దగ్గర గొంతు తగ్గించాడు.

"వాడి కుడిచేతి రాత నేనెరగననుకుంటున్నాడమ్మా, వెర్రివెధవ. చెయ్యి పడిపోకముందు ఆ పార్కులో ఎన్నిసార్లు దొంగచాటుగా నిలబడి చూశానో!"

నేను నోరెళ్ళబెట్టాను. "మరి రోజూ ఆ తిట్లెందుకు మాస్టారూ?"

"నన్ను బాగుచేస్తున్నానని ఎంత మురిసిపోతున్నాడో చూడట్లేదూ? ఆ సరదా పాడుచేస్తామా? వాడితో అనకు సుమా."

సందు మొదట్లో బకెట్టు చప్పుడైంది. మాస్టారు గొంతు సవరించుకుని, మొహం చిటపటలాడించుకుని లేచాడు.

"ఏరా, నీళ్ళకి వెళ్ళావా, నదిని తవ్వడానికి వెళ్ళావా?"