అర దొరకని ఎలుక

మా మేడమ్ పోయారు. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అపార్ట్‌మెంట్ ముందు కారు అద్దం మీద మంచు గీకుతున్నాను. మిగతా సగం గీకకుండానే లోపలికొచ్చి నేల మీద కూర్చుండిపోయాను. నాకు పీహెచ్‌డీ చేయించిన మనిషి ఆవిడ. ఈ పరాయి దేశంలో నన్ను రోజూ "తిన్నావా?" అని అడిగిన మనిషి కూడా ఆవిడొక్కరే.

మేడమ్ పని ఎలుకలు. మీకు నవ్వొస్తే నవ్వండి, ఆవిడా నవ్వేవారు. దూది కూరి ఎండబెట్టిన ఎలుకలు మా యూనివర్సిటీ మ్యూజియం అరల్లో కుటుంబాల వారీగా పడుకుని ఉంటాయి. ల్యాబ్ ఫ్రిజ్‌లో ఏముంటాయో తెలుసు కనుక ఆవిడ పెరుగన్నం డబ్బా అందులో పెట్టేవారు కాదు. చలికాలమంతా కారు డిక్కీయే ఆవిడ ఫ్రిజ్. మధ్యాహ్నం ఇద్దరం కార్లోనే తినేవాళ్లం.

ఒక్క ఎలుకకి మాత్రం అర లేదు. ఆఫ్రికా కొండ అడవుల్లో ఎక్కడో దొరికింది, చాలా అరుదైనది. పళ్లు చూస్తే ఒక కుటుంబం, తోక చూస్తే ఇంకో కుటుంబం. పాత పుస్తకాలు ఒకచోట చేరిస్తే కొత్తవి మరోచోట చేర్చాయి. మేడమ్ దాన్ని విడిగా ఒక ట్రేలో ఉంచి, పొద్దున్నే "ఏమ్మా, బాగున్నావా?" అని పలకరించేవారు.

"ప్రస్తుతానికి దగ్గరగా ఉన్న కుటుంబంలో పెట్టేద్దాం మేడమ్" అన్నాను ఒకసారి, విసుగొచ్చి.

"ప్రస్తుతానికి పెట్టిందే ఎప్పటికీ ఉండిపోతుంది. తర్వాత వచ్చేవాళ్లు తేలిపోయిందనుకుంటారు. ఇక ఎవరూ వెతకరు" అన్నారు.

మన తెలుగువాళ్లు తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లకి మేడమ్ నాతో వచ్చేవారు. ప్లేటు పట్టుకోగానే ఎవరో ఒకరు మొదలుపెట్టేవారు. "మీదేవూరండీ? ఇంటిపేరేంటి?"

"గుంటూరులో అనాథల హాస్టల్లో పెరిగానండీ. ఇంటిపేరు వార్డెన్‌గారు పెట్టింది. అసలుది ఇంకా తేలలేదు" అనేవారు నవ్వుతూ. అడిగినవాళ్లకి పులిహోర గొంతులో అడ్డంపడేది. ఆవిడ మాత్రం ఇంకో గరిటె వడ్డించుకునేవారు.

అంత్యక్రియలు జరిపించే ఫ్యూనరల్ హోమ్‌లో కర్మ చేయడానికి ఎవరూ లేకపోతే నేనే కూర్చున్నాను. పంతులుగారు మంచివారు, ఎంతో దూరం డ్రైవ్ చేసుకుని వచ్చారు.

"గోత్రం చెప్పమ్మా."

"తెలియదండీ. ఆవిడకీ తెలియదు."

"ఫర్వాలేదు తల్లీ. తెలియనివాళ్లకి కాశ్యప గోత్రం చెప్తాం. అందరికీ సరిపోతుంది."

"పంతులుగార్ని చెప్పేయనీ అమ్మా, మనకిచ్చిన టైమ్ స్లాట్ అయిపోతోంది" అన్నారు వెనక నుంచి ఎవరో అంకుల్.

నాకు ఏడుపు ఆగలేదు. బతికినంతకాలం తనకి తెలియనిది తెలియదనే చెప్పిన మనిషి. చివరి గంటలో ఆవిడని నేను ఏదో ఒక అరలోకి ఎలా తోసేస్తాను? "వద్దండీ" అన్నాను. "అందరికీ సరిపోయేది ఆవిడకి వద్దు. అక్కడ ఖాళీగానే వదిలేయండి."

పంతులుగారు మంత్రం అందుకున్నారు. గోత్రం రావాల్సిన చోటికి వచ్చి ఆగారు. హాల్లో హీటర్ చప్పుడొక్కటే వినబడింది. ఆ తర్వాత ఆయన మా మేడమ్ పేరొక్కటే పలికారు.