ఎక్కొద్దప్పా, ఊరికే సూసొద్దాం

మా ఆయన గుండెలో స్టెంటు వేసి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పింది ఒకటే మాట: "బాగా నడవండి మాస్టారూ, భయమేమీ లేదు." ఆయనకు ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. మదనపల్లెలో మా ఇంటి మంచం నుంచి వసారా దాకా, వసారా నుంచి మళ్లీ మంచం దాకా, అంతే ఆయన తిరుగుడు. వసారాలో కూర్చుని రెండు వేళ్లు మణికట్టు మీద పెట్టుకుని నాడి చూసుకుంటూ ఉండేవాడు. పాలాయన గేటు గట్టిగా వేస్తే ఉలిక్కిపడేవాడు.

ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టరు, అప్పటికి సెలవులో ఉన్నాడు. క్లాసు మేడ మీద. "ఆ మెట్లు ఇంక నా చేత కాదు. వాలంటరీ రిటైర్మెంట్ రాసిచ్చేస్తా" అన్నాడు ఒకరోజు భోంచేస్తూ, పులుసులో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా. పిల్లల మీద కేకలేయకుండా ఆ మనిషికి పొద్దుపోదు. ఎండాకాలం సెలవులకే ఇల్లంతా తిరిగి బల్లుల మీద కేకలేసే రకం. ఆయన బడి మానేసి వసారాలో కూర్చుంటే స్టెంటు బాగానే పనిచేస్తుంది, మనిషి పనిచేయడు.

నేను పుంగనూరు బజారువీధిలో బట్టలంగడి వాళ్ల బిడ్డను. బేరం నాకు ఉగ్గుపాలతో వచ్చింది. మా వీధిలోకి ఆకుకూరలామె వస్తే, మా ఇద్దరి గొంతులు విని చుట్టుపక్కల కిటికీలు తెరుచుకుంటాయి. కొసరు కరివేపాకు రెమ్మ కోసం నేను చేసే యుద్ధం చూస్తే మా నాయన గర్వపడేవాడు. మా ఆయన దీనికి పూర్తిగా ఎదురు. చెప్పిన రేటుకు కొని, పైగా అంగడాయనకు దండం పెట్టి వచ్చే మనిషి.

మా నాయన అంగడిలో ఒక పద్ధతి ఉండేది. గడప దగ్గర తటపటాయించే మనిషిని చూసి, "కొనొద్దమ్మా, ఊరికే సూడు" అంటూ చీరలు మడత విప్పి పరిచేసేవాడు. ధర చెప్పాల్సి వస్తే ముందు కొండంత చెప్పేవాడు. దిగి, దిగి, మొదట్నుంచీ మనసులో ఉన్న చోటే ఆగేవాడు. కొన్నామె తానే గెలిచానని నవ్వుకుంటూ పోయేది. ఇదంతా నా దగ్గర ఉండగా, ఒక మాస్టర్ని గేటు దాటించలేనా అనుకున్నాను.

"ఈ ఆదివారం హార్స్లీ హిల్స్ పోయి, పైనంతా ఒక చుట్టు తిరిగొద్దాం" అన్నాను.

"నీకేమన్నా పిచ్చా?"

"సరే, చుట్టు వద్దు. లోయ కనిపించే చోటు దాకా పోదాం."

"వద్దు."

"పోనీ, బస్సు దిగి ఒక టీ తాగి అదే బస్సుకు వచ్చేద్దాం. నడవొద్దప్పా, ఊరికే సూసొద్దాం."

టీ దగ్గర బేరం తెగింది. నాకు కావలసిందీ ఆ టీ వరకే.

కొండ మీద నీలగిరి చెట్ల వాసన, చల్లగాలి. మొదటి కొట్టులో టీ నచ్చక, ఆయన అవతల ఉన్న ఇంకో కొట్టు దాకా తనంతట తనే నడిచాడు. అది చాలా దూరం. నేను కిక్కురుమనలేదు. వచ్చినామె గుడ్డను వేళ్ల మధ్య పెట్టి చూసుకునేటప్పుడు అంగడాయన నోరు తెరవకూడదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఎక్కడికో ఒక చోటికి. కుప్పంలో చదువుకుంటున్న మా పాప కూడా వచ్చి కలిసేది. పుంగనూరు చుట్టుపక్కల చెరువు కట్టలు, చింతతోపులు, టమాటా తోటల మధ్య బండిబాటలు. నేను పెద్ద గుట్ట చూపిస్తాను, ఆయన వద్దంటాడు, చిన్న గుట్ట దగ్గర ఒప్పందం కుదురుతుంది. నాయనా కూతురూ నడుస్తారు. నేను కల్వర్టు మీద కూర్చుని సంచులు చూసుకుంటాను. ఎవరో ఒకరు అంగడి చూసుకోవాలి కదా. తిరిగొచ్చి ముగ్గురం సంగటి ముద్దలు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి తినేవాళ్లం. ఆయన రెండో ముద్ద అడగడం మొదలైంది.

"అమ్మా, నువ్వు నాయన్ను మోసం చేస్తాండావు" అంది పాప ఒకసారి నా చెవిలో.

"మోసం కాదే, బేరం."

మే నెలలో పాప పరీక్షలయ్యాయి. సామాను సర్దడానికి మేమిద్దరం కుప్పం వెళ్లాం. రాత్రి వానపడి తెల్లారి చల్లగా ఉంది. ఊరి బయట నున్నటి రాతికొండ ఒకటి, కూర్చున్న ఏనుగులా ఉంది. కొండ కింద నిలబడి, సగంలో కనిపించే చింతచెట్టు మీద లోపల కన్నేసి, బయటికి అలవాటు ప్రకారం అన్నాను: "పైదాకా ఎక్కేద్దాం."

ఆయన కొండను కింద నుంచి పైదాకా చూశాడు. "సరే, పద" అన్నాడు.

చెప్పిన ధరకే ఒప్పేసుకునే మనిషి ఎదురైతే మా నాయన మొహం ఎలా మారేదో నాకు తెలుసు. ఆ రోజు నా మొహం కూడా అలాగే మారి ఉంటుంది. పైగా బజారు కట్టుబాటు ఒకటుంది. నోట్లోంచి ధర వచ్చాక, అవతలి మనిషి సరే అన్నాక, నష్టమైనా గుడ్డ చించి ఇవ్వాల్సిందే.

"ఎండ వస్తాదేమో..." అన్నాను. ఆకాశమంతా మబ్బు. "నీళ్లు..." అన్నాను. పాప రెండు సీసాలు ఎత్తి చూపించింది. ఇంక దాచలేక, "అది చెప్పే ధరప్పా! ఇచ్చే ధర ఆ చింతచెట్టు!" అనేశాను.

పాప నవ్వాపుకోలేక కింద కూర్చుంది. ఆయన మాత్రం నవ్వలేదు. "ఇన్నేండ్లుగా నీతో కాపురం చేస్తాండా. నీ ధర యాడ మొదలై యాడ ఆగుతాదో నాకు తెలీదా? నాది ఫిక్స్‌డ్ రేటు. పైదాకా అన్నావు, పైదాకానే. నడువు."

నడిచాను. రెండో మలుపుకే నా ఊపిరి కుక్కర్ విజిల్‌లా వచ్చింది. చెప్పులు జారుతుంటే విప్పి ఒక పొద పక్కన విడిచేశాను. "ఆ రాతిగుండు దాకా చాలప్పా" అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. "పోనీ ఈ గుండు?" దానికీ అంతే. చేయి మాత్రం అందించేవాడు.

చింతచెట్టు దాటాక ఆయన ఉన్నట్టుండి ఆగిపోయాడు. మొహంలో రంగు లేదు. వేళ్లు మణికట్టు మీదికి పోయాయి.

"గుండె కొట్టుకుంటాండాది" అన్నాడు. నెలల కిందటి వసారా గొంతు.

పాప నా వైపు చూసింది. దీనికి నా దగ్గర బేరం లేదు. నొప్పి ఉందా అని అడిగాను. లేదని తల ఊపాడు. ఏం చేయాలో తోచక ఆయన వేళ్లను తీసి నా మణికట్టు మీద పెట్టుకున్నాను.

"నాదీ కొట్టుకుంటాండాది. సూడు."

ఆయన వాచీ వైపు చూస్తూ లెక్కపెట్టాడు. మళ్లీ తనది లెక్కపెట్టాడు. "నీది నాకంటే ఎక్కువ ఉండాది!" అన్నాడు, పక్కవాడి కంటే మంచి మార్కులొచ్చిన పిల్లాడిలా.

"నాది కూడా సూడు నాయనా" అని పాప చేయి చాపింది. దానిదీ గబగబా కొట్టుకుంటోంది. ముగ్గురం ఆ బండ మీద కూర్చుని ఒకరి నాడి ఒకరం చూసుకున్నాం. మేకలు తోలుకుపోతున్న ముసలాయన మమ్మల్ని చూసి, ఏం పూజో అనుకున్నాడేమో, ఒక దండం పెట్టి పోయాడు. అప్పుడు నవ్వాడు మా ఆయన. కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వి, మొహం తుడుచుకుని, మాకంటే ముందు లేచాడు.

పైన గాలి చీర కొంగును నిలవనివ్వలేదు. కింద మల్బరీ తోటలు, ఎర్రమట్టి, తీగలా రైలుపట్టాలు. ఏ వైపు తమిళనాడు, ఏ వైపు కర్ణాటక అని నాయనా కూతుళ్ల మధ్య వాదన మొదలైంది. నేను టిఫిన్ క్యారియర్ విప్పి చిత్రాన్నం వడ్డించాను. ఇద్దరూ తింటూనే వాదించారు.

"బడి తెరిస్తే నేను పోవాల గదా, మనకు మళ్లీ ఆదివారాలే మిగిలేది" అన్నాడాయన, పప్పుచెక్క కొరుకుతూ. "అంతలోపల ఇంకో రెండు కొండలు సూసుకుందాం. ఏమే, ఏల అట్ల సూస్తాండావు?"

పాప ముద్ద నోటి దగ్గరే ఆపేసింది. నేను ఆయన ప్లేటులో ఇంకాస్త చిత్రాన్నం వేసి, చెప్పులు ఏ పొద పక్కన విడిచానా అని కిందికి తొంగిచూశాను.