రెండోసారికి లేచే చెయ్యి

మా పెద్దబాపు ముందు ఎవరైనా ఒకటి, రెండు అని లెక్కపెడితే, రెండు దగ్గరే ఆయన కుడిచెయ్యి గబుక్కున పైకి లేచేది. తర్వాత సిగ్గుపడి అదే చేత్తో తల గోక్కునేవాడు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, మట్టెవాడలో మూతపడిన ఒక దుకాణం సామాను హర్రాజు వేశారు. అందులో చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపు వెండి నాణెం ఉంది. పాత నాణేలు పోగుచేసే పెద్దబాపు దానికోసం ఏళ్లుగా వెతుకుతున్నాడు. అయినా మిర్చి వ్యాపారి కదా, ఆశ ముఖంలో కనపడితే ధర పెరుగుతుందని పక్కకు చూస్తూ నిలబడ్డాడు. ఎవరో పాట పాడారు. రెండోసారి కూడా అననిచ్చి అప్పుడు చెయ్యెత్తుదామనుకున్నాడు. హర్రాజు వేసేవాడు రెండోసారి, మూడోసారి ఒక్క ఊపిరిలో అనేశాడు.

“జర ముందుగాల ఎత్తితే నాదేం పోతుండెరా?” అని నన్ను ఎన్నిసార్లు అడిగాడో.

“ఇంకోటి దొరుకుతది తియ్యి, పెద్దబాపూ.”

“గది గాదు గదరా.”

ఆయన పోయిన రోజు దింపుడు కళ్లం దగ్గర పాడె దించాం. కొడుకు తండ్రి చెవిలో మూడుసార్లు పిలవాలి. అన్న వంగి “బాపూ” అన్నాడు. మళ్లీ “బాపూ” అన్నాడు. అందరూ ముఖం వైపు చూస్తున్నారు. నేను కుడిచెయ్యి వైపు చూస్తున్నాను.

అన్న మూడోసారి పిలవబోతుంటే, “జర ఆగన్నా” అన్నాను.