ఆజ్ఞ మీరిన ఉపవాసం

ఉదయం తొమ్మిదిన్నరకు హెలికాప్టర్ మమ్మల్ని మంచు మీద దింపింది. రెక్కలు ఆగలేదు. నడుము వంచి దూరంగా జరిగాం. పది అడుగులకే ఊపిరి అందలేదు. ఎత్తు పదిహేడు వేల అడుగులు. చలి సున్నాకు ఇరవై ఆరు డిగ్రీల కింద. అక్కణ్ణుంచి మా సైనిక పోస్టుకు వాలు మీద తొమ్మిది వందల మీటర్ల దూరం ఎక్కాలి. రెండు గంటలు పట్టింది. నాది భీమవరం పక్క పల్లె. మా ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తయినది కాలవ గట్టు.

పోస్టులో ఎనిమిది మందిమి. కమాండర్ సుబేదార్ సాబ్ మొదటి రోజే మూడు ఆజ్ఞలు ఇచ్చారు. రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు తాగాలి. ఒంటరిగా బయటికి వెళ్ళకూడదు. ప్లేటులో ఏమీ మిగలకూడదు.

"ఇక్కడ ఆకలి చచ్చిపోతుంది. అయినా తినాలి. తిండి కూడా డ్యూటీయే," అన్నారు.

రేడియో ఆపరేటర్‌ది జంగారెడ్డిగూడెం. తెలుగు వచ్చింది మా ఇద్దరికే. నేను మోకాళ్ళ మీద ప్రార్థించడం చూసినప్పటి నుంచి నన్ను పాస్టరు గారనే పిలిచేవాడు.

ఆ వారంలోనే ఈస్టరుకు ముందొచ్చే శ్రమల కాలం మొదలైంది. మా ఇంట్లో ఆ నలభై రోజులూ పగలు ఏమీ తినం. సాయంత్రం ప్రార్థన అయ్యాకే అన్నం. పొలం పనికి వెళ్తూ కూడా మా అమ్మ అలాగే ఉండేది. పదిహేనో ఏటి నుంచి నేనూ ఒక్క ఏడాది మానలేదు. ఇక్కడ మానేస్తే దేవుడికి ముఖం ఎలా చూపించాలి అనుకున్నాను. సుబేదార్ సాబ్‌ని అడిగితే ఒప్పుకోరు. అందుకని అడగలేదు.

పొద్దున పూరీలు, మధ్యాహ్నం కిచిడీ ఆపరేటర్ ప్లేటులోకి జరిపేవాణ్ణి.

"ఏంటండీ పాస్టరు గారూ, మళ్ళీ కడుపు బాగోలేదా?"

"నువ్వు తినవయ్యా."

"మేపండి, మేపండి. ఊరెళ్ళాక మా ఆవిడ నన్ను గుర్తుపట్టకపోతే ఆ పాపం మీదే."

సుబేదార్ సాబ్ బంకర్‌లోకి తొంగిచూసి, "తిన్నావా?" అనేవారు.

"తిన్నాను సాబ్."

అబద్ధం చెప్పి, వెంటనే కళ్ళు మూసుకుని ప్రార్థించేవాణ్ణి. అందులో తప్పు నాకు కనిపించలేదు. రెండో వారానికి బెల్టు రెండు రంధ్రాలు లోపలికి వెళ్ళింది. బూట్లు తొడుక్కుంటూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది. శరీరం నలుగుతోంది, ఆత్మ బలపడుతోంది అనుకున్నాను.

ఉపవాసంలో ఇరవై మూడో రోజు. ఉదయం ఆరింటికి ఆపరేటర్ దగ్గితే గులాబీ రంగు నురగ వచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నర్సింగ్ అసిస్టెంట్ ఆక్సిజన్ మాస్కు పెట్టి, "కిందికి దించాలి సాబ్. ఇవాళే," అన్నాడు. రేడియో సెట్టు సుబేదార్ సాబ్ అందుకున్నారు. కింద బేస్ నుంచి జవాబు వచ్చింది.

"హెలికాప్టర్ పది నలభైకి. పదకొండు దాటితే మబ్బు. ఓవర్."

"పది నలభైకి కింద ఉంటాం. ఓవర్."

తొమ్మిది పదికి బయలుదేరాం. ఆపరేటర్‌ని మంచు మీద లాగే స్లెడ్జి బండి మీద పడుకోబెట్టి కట్టాం. ముందు సుబేదార్ సాబ్, ఒక జవాను. పక్కన సిలిండర్‌తో నర్సింగ్ అసిస్టెంట్. జారకుండా ఆపే వెనక తాడు నాదీ, ఇంకో జవానుదీ. ఆపరేటర్ మాస్కు కాస్త తప్పించి నన్ను చూశాడు.

"మెల్లగా దించండి పాస్టరు గారూ. మీ పూరీల బరువు కూడా నా ఒంట్లోనే ఉంది."

ఆరు వందల మీటర్లు దిగాం. తర్వాత నిట్టనిలువు వాలు. దాని అడుగున మంచు పగులు.

"తాడు బిగించు!" సుబేదార్ సాబ్ అరిచారు.

బిగించాను. కళ్ళ ముందు నల్లటి చుక్కలు. ప్రభువా, బలం ఇవ్వు అన్నాను. ఆయన ఇచ్చిన బలాన్ని ఇరవై మూడు రోజులుగా పక్క ప్లేటులోకి తోసేశానని అప్పుడు తట్టలేదు. నా వేళ్ళు వాటంతటవే విడిపోయాయి. రెండో జవాను ఒక్కడే ఆపలేకపోయాడు.

స్లెడ్జి ముందున్నవాళ్ళను దాటి నలభై అడుగులు జారి, పగులుకు రెండు బారల ఇవతల బోల్తాపడింది. మాస్కు ఊడింది. సిలిండర్ దొర్లింది. అందరూ అటు దిగారు. నేను వాలులోనే పడి ఉన్నాను. నాకు పదడుగుల దూరంలో, తాడుకు తగులుకుని ఊడిన ఆపరేటర్ కుడిచేతి గ్లౌజు. నల్లది. వెల్లకిలా ఉంది. లేచి అందుకోవాలి. లేవలేకపోయాను. అరవబోయాను. ఊపిరి చాల్లేదు. గాలి వీచింది. గ్లౌజు మెల్లగా జారి పగుల్లో పడిపోయింది.

మాస్కు పెట్టి, స్లెడ్జి నిలబెట్టి, కట్లు సరిచేసేసరికి ముప్పై ఐదు నిమిషాలు గడిచాయి. ఊపిరి చూసుకునే తొందరలో ఆ చేతిని ఎవరూ చూడలేదు. నేను పాక్కుంటూ వెళ్ళి చెప్పేసరికే వేళ్ళు తెల్లబడి గట్టిపడ్డాయి. హెలికాప్టర్ ఒక్క చుట్టు తిరిగి, మబ్బు కమ్మడంతో వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది మూడుంబావుకి. ఆపరేటర్ బతికాడు. చలికి చచ్చుబడిన కుడిచేతి వేళ్ళు నాలుగు తీసేశారు.

ఆ సాయంత్రం సుబేదార్ సాబ్ దగ్గర అంతా ఒప్పుకున్నాను. ఆయన నా వైపు తిరిగారు.

"మీ దేవుడు నిన్ను తినొద్దన్నాడా?"

"లేదు సాబ్."

"మరి? నీ ఒళ్ళు నీ ఒక్కడిదే అనుకున్నావా?"

ప్లేటు తెచ్చి నా ముందు పెట్టారు. ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చున్నారు.

మన దేహం మన సొత్తు కాదని, దేవుని ఆలయమని ఆదివారం బడిలో వల్లించినవాణ్ణే. దాని అర్థం మాత్రం వేరే మతం మనిషి నోట విన్నాను. బైబిల్లో, అలసి చెట్టు కింద పడుకున్న ప్రవక్తను తట్టి లేపిన దూత ముందు చెప్పింది రొట్టె తినమనే. ప్రయాణం ఇంకా చాలా ఉందని. ఆ ప్రసంగం ఎన్నిసార్లు విన్నానో.

సర్వీసు ముగించుకుని ఊరొచ్చాక, చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఇదంతా సాక్ష్యంగా చెప్పాను. ముందు వరసలో ఒక పెద్దావిడ అడిగింది.

"అయితే ఉపవాసం వద్దంటావా బాబూ?"

"ఉండండమ్మా. షుగరు మాత్ర మానేసి మాత్రం ఉండకండి. మీరు పడిపోతే ఎవరి మీద పడతారో కూడా చూసుకోండి."

ఇప్పుడు రోజూ అయిదింటికి కాలవ గట్టు మీద గంటసేపు నడుస్తాను. వానొచ్చినా మానను. అది కూడా నాకు ఆరాధనే.

మొన్న జంగారెడ్డిగూడెం వెళ్ళాను. ఆపరేటర్ ఎడమచేత్తో నా ప్లేటులో పూరీలు వేశాడు.

"ఇవి మీ వాటా పాస్టరు గారూ. ఈసారి ఇటు తోశారంటే ఊరుకోను."

అన్నీ తిన్నాను. తింటున్నంతసేపూ ఆ గ్లౌజే కనబడింది. నాకు పదడుగుల దూరంలో, వెల్లకిలా, వేళ్ళు కాస్త ముడుచుకుని. గాలి ఇంకా రాలేదు. నేను ఇంకా లేవలేదు.