నాగప్ప బొటనవేలికి పడిన సూది

కురుమ నాగప్ప ఆత్మకూరు చుట్టుపక్కల గొర్రెలకు పొడిచినన్ని సూదులు ఏ డాక్టరూ మనుషులకు పొడిచి ఉండడు. ఆ మాట అన్నది నాగప్పే. అయిదో తరగతి చదువుతోనే మందు సీసా మీది అక్షరాలు కూడబలుక్కుని, గొర్రె తొడ సందున తోలు లాగి చిటుకు రోగం టీకాలు వేసినవాడు. ఒంటి మీద గీత పడకుండా బొచ్చు కత్తిరించినవాడు. ఒక పొట్టేలైతే ఆయన కత్తెర కింద నిద్రే పోయిందట. దానికి సాక్షి ఆ పొట్టేలొక్కటే, దాన్ని ఎప్పుడో కోసుకుని తిన్నారు.

అటువంటి చేతుల్ని కీళ్లవాతం పట్టింది. పొద్దున్నే వేళ్లు ఎండిన జొన్నరొట్టెలా బిగుసుకునేవి, చెంబు ఎత్తాలన్నా భార్య హన్మమ్మ రావాలి. వాళ్లింట్లో బొచ్చు తీసే రోజున మొదటి పొట్టేలుకు ఇంటి పెద్దే కత్తెర పెట్టాలి. నిరుడు ఆ కత్తెర తమ్ముడు రాములు చేతికి పోయింది. ఈసారీ పోతే ఇక తిరిగి రాదని నాగప్పకు తెలుసు.

మాత్రలకు లొంగకపోయేసరికి వనపర్తి డాక్టరు పరీక్షలు చేయించి, క్షయ లేదని తేల్చుకుని, కొత్త సూదిమందు రాశాడు. ఒంట్లోని కాపలా కుక్క దొంగల్ని వదిలి సొంత మందనే కరుస్తోందని, ఈ మందు దాని మూతికి చిక్కంలాంటిదని చెప్పాడు.

“మూతి కట్టినంక నిజం దొంగొస్తే ఎట్ల సారూ?”

అందుకే జ్వరం వస్తే ఇంట్లో కూర్చోకుండా వెంటనే రమ్మన్నాడు డాక్టరు. ఈయనకు కాస్త బుద్ధి ఉన్నట్టుందని నాగప్ప ఒప్పుకున్నాడు. నర్సు మాలతి పెన్నులాంటి ఆ సూదిని ఎలా వాడాలో చూపిస్తుంటే మాత్రం కిటికీలోంచి బస్సులు చూశాడు. గొర్రెలకు గురువైనవాడికి సూది పాఠమా? హన్మమ్మే విన్నది.

వేసుకోవాల్సిన రోజు ఆమె నీళ్లకు పోయిన సందు చూసి, ఫ్రిజ్‌లో మామిడి తొక్కు పక్కనున్న పెన్ను తీశాడు. మూత పీకాడు. సూది కనబడలేదు. గొర్రెల సిరంజి లెక్కన బయటపడిన కొసే నొక్కేదనుకుని, రెండో కొస పొట్టకు ఆనించి, బొటనవేలితో గట్టిగా అదిమాడు.

టక్‌మంది. సూది బొటనవేలిలో దిగింది, మందు సగం లుంగీ పాలైంది.

బిందె దించిన హన్మమ్మ నిదానంగా చూసింది. “ఏందయ్యా, బొటనవేలికి చిటుకు రోగమొచ్చిందా?”

కంపెనీవాడే తిరగేసి బిగించాడన్నాడు నాగప్ప. డబ్బాలో ఉన్న రెండోది ఇప్పుడే వేసుకుంటానన్నాడు. ఆమె మాలతికి ఫోను కలిపింది. ఇంకోటి ఇవాళ ముట్టొద్దని, డాక్టరును అడిగి రోజు చెబుతానని మాలతి అన్నది.

చెప్పిన రోజున హన్మమ్మ ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి, గొర్రెను పట్టినట్టు మోకాలితో తొడ అదిమింది.

“కదలకు. కదిలితే చెవి కోసి గుర్తు పెడ్త.”

టక్‌మన్నా, పెన్ను మీది గడి రంగు మారేదాకా తీయలేదు. ఆమె చేయి తేలికైనదని నాగప్ప లోపల ఒప్పుకున్నాడు, పైకి మాత్రం అనలేదు.

వారాలు గడిచాక వేళ్లు మెల్లగా వదులయ్యాయి, పూర్తిగా కాదు. బొచ్చు తీసే రోజు రాములు చేయి చాపకముందే నాగప్ప కత్తెర అందుకున్నాడు. పొట్టేలు వీపు సగం పూర్తయ్యేసరికి చెమట పట్టింది.

“అన్నా, గీత పడ్డది,” అన్నాడు రాములు.

“అది పుట్టుమచ్చరా.”

మిగతా సగం తమ్ముడికి వదిలి, మర్నాడు ఆత్మకూరు టీ కొట్టు దగ్గర కథంతా చెప్పాడు. అందులో సూది తానే వేసుకున్నాడు, పొట్టేలు మళ్లీ నిద్రపోయింది. ఈసారి ఆ సాక్షిని ఇంకా కోయలేదు, అదొక్కటే ఇబ్బంది.