ఇరవై క్లిక్కులు, అమ్మ నడుము

పోయిన శనివారం నేను చేసిన ఘనకార్యం వినండి. విన్నాక నవ్వుకోండి, పర్లేదు. నాకైతే ఇంకా నవ్వు రావట్లేదు.

నా సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు మీకు తెలుసుగా, రెండు డోర్లది. దానికి మొన్నే కొత్త సస్పెన్షన్ వేయించాను. ఒక్కో చక్రానికి పైన ఒక్కో నాబ్ ఉంటుంది, తిప్పితే క్లిక్ క్లిక్ అంటుంది. బిగిస్తే కారు గట్టిపడుతుంది, వదులు చేస్తే మెత్తబడుతుంది. రేస్ ట్రాక్ మీద గట్టిగా ఉండాలి, మా హౌరా వైపు రోడ్ల మీద మెత్తగా. మెకానిక్ బాపీదా చీటీ రాసిచ్చాడు: స్ట్రీట్ ఇరవై, ట్రాక్ నాలుగు. ఎలా లెక్కపెట్టాలో కూడా చెప్పబోయాడు. "వీడియోల్లో చూశాను దాదా, నాకు తెలుసు" అన్నాను.

ఆ శనివారమే అమ్మని శివపూర్ నర్సింగ్ హోమ్ నుంచి డిశ్చార్జ్ చేశారు. నడుం దగ్గర డిస్క్ జారి పది రోజులుంది. కుదుపులు తగలకూడదని డాక్టర్ మరీ మరీ చెప్పాడు. అక్క అంబులెన్స్ పిలుద్దామంది. నాకు పౌరుషం వచ్చింది. "నువ్వెళ్లి ఇంట్లో పక్క సర్దు. స్ట్రీట్ సెట్టింగ్ పెడతాను, సంత్రాగాఛిలో మనింటి దాకా నిద్రపోతూ వస్తుంది" అన్నాను. బానెట్ ఎత్తి రెండు నాబ్‌లు, డిక్కీలో రెండు, అన్నిటికీ ఇరవై లెక్కపెట్టాను. అంత కిందనున్న సీట్లో అమ్మని కూర్చోబెట్టడానికే ఇద్దరు నర్సులు కావాల్సొచ్చింది.

మొదటి గుంతకే నా పళ్లు టకటకలాడాయి. తప్పు రోడ్డుదే అనుకున్నాను.

"ఏటిరా, రోడ్డు నేరుగా నడుముకే తగుల్తంది?" అంది అమ్మ.

"ఇదే మెత్తని సెట్టింగమ్మా. ట్రాక్ సెట్టింగైతే అసలు తట్టుకోలేవు."

"అలాగేటి" అంది.

రామరాజాతలా రైల్వే గేటు పట్టాలు దాటేటప్పుడు ఒక్కసారి "అమ్మా" అంది. తర్వాత కళ్లు మూసుకుంది. నిద్రపట్టిందని నేను మురిసిపోయాను. దిగాక ఎలా ఉందని అడిగితే, బాగుందని చెప్పి మంచం ఎక్కింది. సాయంత్రానికి పక్కకి తిరగలేకపోయింది. డాక్టర్ ఫోన్లో విని, కదలకుండా ఉంచి గురువారం తీసుకురమ్మన్నాడు.

ఇంత జరిగినా ఆదివారం పొద్దున్నే, ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని వేగంగా తోలుకునే ట్రాక్ డేకి వెళ్లాను. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. ఊరి బయట పాత ఎయిర్‌స్ట్రిప్ అది. నాబ్‌లన్నీ నాలుగు క్లిక్కులకి పెట్టాను. మొదటి మలుపులోనే కారు పడవలా ఊగి, గిర్రున తిరిగి, పక్కన బురదలోకి దిగింది.

అక్కడే ఉన్న బాపీదా వచ్చి బానెట్ ఎత్తి నాబ్ తిప్పి చూశాడు.

"ఎక్కణ్ణుంచి లెక్కపెట్టావ్, భాయ్?"

"పూర్తిగా వదులు చేసి, అక్కణ్ణుంచి."

తల పట్టుకున్నాడు. "ఉల్టో కోరేఛో, తిరగేసి పెట్టావ్. పూర్తిగా బిగించి, వెనక్కి లెక్కపెట్టాలి."

అంటే ట్రాక్ మీద మెత్తగా పెట్టాను, అమ్మని ఎక్కించుకున్న రోజు గట్టిగా పెట్టాను. బురదలో ఉన్న కారు సంగతే మర్చిపోయాను. ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి అమ్మకి మొత్తం చెప్పేశాను. కోప్పడలేదు. "నువ్వంత ముచ్చటపడి చెప్తంటే, నొప్పనడం ఏం బాగుంటాదని ఊరుకున్నాన్రా" అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

గురువారానికల్లా బాపీదా చేతే సెట్టింగ్ పెట్టించాను. పరుపు మీద కూర్చున్నట్టుంది. డోర్ తీసి నిలబడ్డాను. అమ్మ కారు వంక చూసింది, నా వంక చూసింది.

"నువ్వు ఎనకాల రా నాన్నా. నేనూ అక్కా టోటోలో ఎల్తాం" అంది.

రెండు దిండ్లు వేయించుకుని, మూడు చక్రాల బ్యాటరీ బండి ఎక్కేసింది. హౌరాలో ఎవరికీ లేనంత మెత్తని సస్పెన్షన్ మీద, పక్క సీటు ఖాళీగా పెట్టుకుని, ఆ టోటో వెనకాలే నత్తనడకన శివపూర్ దాకా వెళ్లాను.

దిగుతుంటే చెయ్యి పట్టుకుని, "ఎలా ఉందమ్మా ప్రయాణం?" అని అడిగాను.

"ఎంత మెత్తగా ఉందో" అంది. ఈసారి అబద్ధం కాదని మొహం చూస్తేనే తెలిసిపోయింది.