కుచ్చుల మిషన్ మీద కక్ష

రంగులక్కకు తమ్ముడి గొంతు కంటే వాడి కార్లు కడిగే మిషన్ చప్పుడంటేనే ఎక్కువ మంట. గొంతయితే అన్నం తినేటప్పుడైనా ఆగుతుంది. మిషన్ అలా కాదు. పొద్దున ఏడింటికి మొదలైతే చీకటి పడేదాకా బరబరా కార్ల ఒళ్ళు గోకుతూనే ఉంటుంది. గోడకు ఇవతల తన షెడ్డులో కారు తలుపొకటి పట్టుకుని, తడిపిన గరుకు కాగితంతో నున్నగా రుద్దుతూ ఆమె ఆ చప్పుడంతా వినేది. ఒక్కో కారు లోపలికి వెళ్ళినప్పుడల్లా పళ్ళు కొరుక్కునేది.

ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. నలభై ఆరేళ్ళ పొట్టి మనిషి. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకునే ఉండేది కాబట్టి చిన్నాపెద్దా అందరికీ రంగులక్కే. వాళ్ళ నాన్న కార్లకు రంగులు వేసేవాడు. కొడుక్కి పని నేర్పుదామని కూర్చోబెడితే వాడు పది నిమిషాల్లో మాయమయ్యేవాడు. కూతురు మాత్రం పిలవకుండానే వచ్చి డబ్బాల పక్కన చతికిలబడేది. పెళ్ళీడు వచ్చేసరికి సొట్ట పూడ్చడం, పుట్టీ పట్టించడం, స్ప్రే గన్‌తో రంగు కొట్టడం అన్నీ ఆమెకు వెన్నతో పెట్టిన విద్యయ్యాయి. భర్త బస్సు కండక్టరు. నెమ్మదస్తుడు. బావమరిదికీ భార్యకీ మాటామాటా వచ్చిన ప్రతిసారీ ఆయన ఎలాగో డ్యూటీలోనే ఉండేవాడు.

నాన్న పోయేముందు స్థలాన్ని రెండు ముక్కలు చేశాడు. రోడ్డు వైపు ముక్క కొడుక్కి, షెడ్డున్న వెనక ముక్క కూతురికి. గేటు మాత్రం ఒక్కటే. దాని సంగతి ఆయనకు తట్టలేదు. ఫలితంగా రంగులక్క దగ్గరికి వచ్చే ప్రతి కారూ తమ్ముడి వాకిలి దాటే రావాలి, దాటే పోవాలి.

ఆ వాకిట్లోనే తమ్ముడు ఆటోమేటిక్ కార్‌వాష్ పెట్టాడు. పొడుగాటి రేకుల గది, రెండు పక్కలా నిలువునా ఒక్కో స్తంభం, పైన అడ్డంగా ఒకటి. మూడింటికీ మనిషి చెయ్యంత పొడుగు ప్లాస్టిక్ కుచ్చులు. కారు గదిలోకి రాగానే అవి గిర్రున తిరుగుతూ మీద పడతాయి. అయిదు నిమిషాల్లో కారు తళతళలాడుతూ బయటికి వస్తుంది. మరదలు ముందు గదిలో కూర్చుని టోకెన్లు ఇచ్చేది.

ఆ తళతళ వెనక ఏముందో రంగులక్కకు తెలుసు. ఇటుకల బట్టీ వైపు నుంచి వచ్చిన జీపు ఒంటినిండా ఇసుకతో అందులో దూరుతుంది. ఆ ఇసుక కుచ్చుల్లో ఇరుక్కుంటుంది. వెనకాలే వచ్చే కొత్త కారును అవే కుచ్చులు అదే ఇసుకతో తోముతాయి. కారు మీద మెరిసే పై పూత వెంట్రుక మందం కూడా ఉండదు. ఒక్కసారికి ఏమీ కనిపించదు. పది సార్లయ్యాక ఎండలో చూస్తే ఒళ్ళంతా సాలెగూడు అల్లినట్టు గుండ్రటి గీతలు. ఆపైన మెరుపు పోయి కారు ముసలిదైపోతుంది.

మొదట్లో మంచిగానే చెప్పింది. "ఒరేయ్, ముందు పైపుతో మట్టంతా కొట్టెయ్, తర్వాత మిషన్‌లోకి తోలు. కుచ్చులు రోజూ కడుగు. వాడిన నీళ్ళే తిప్పి తిప్పి వాడకు."

"అలా చేస్తూ కూర్చుంటే ఒక్కో కారుకు అరగంట పడుతుంది అక్కా. నా దగ్గరికి వచ్చేదే అయిదు నిమిషాల కోసం. నువ్వు నీ డబ్బాలు చూసుకో," అన్నాడు తమ్ముడు. అక్కడితో ఊరుకున్నా పోయేది. పదిమంది డ్రైవర్ల ముందు నవ్వుతూ, "గీతలు పడితే నీకే కదా బేరం. నా పుణ్యమా అని నీ షెడ్డు నిండుతోంది," అన్నాడు.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. ఆ రోజు నుంచి వాడితో మాటలు బంద్. రెండేళ్ళు ఏం చెప్పాలన్నా మరదలి ద్వారానే. "మీ ఆయనతో చెప్పు, దారికి అడ్డంగా బకెట్లు పెట్టొద్దని." ఆ పక్కనే నిలబడి ఉన్న తమ్ముడు కూడా భార్యతోనే అనేవాడు, "మీ వదినతో చెప్పు, బకెట్లు మనవి, దారీ మనదేనని." పాపం మరదలు ఇద్దరి మొహాలూ చూసి టోకెన్ల పుస్తకంలో తలదూర్చేది.

ఇలా ఉండగా రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ తన పాత కారు తీసుకొచ్చింది. పోయిన భర్త నడిపిన కారు. అమ్మబుద్ధి కాలేదు. ముదురు నీలం రంగు అక్కడక్కడా పెచ్చులూడి ఉంది. రంగులక్క దాని మీద పదకొండు రోజులు కూర్చుంది. తుప్పు గీకి, పుట్టీ పెట్టి, మూడు పూతలు రంగు, రెండు పూతలు పైమెరుపు వేసింది. పక్కనుంచి దీపం పట్టి అంగుళం అంగుళం చూసుకుంది. అద్దంలా ఉంది.

"టీచరమ్మా, పైకి ఆరినట్టే ఉంటుంది గానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. నెల దాకా మిషన్‌లో పెట్టకండి. దుమ్ము పడితే నీళ్ళు పోసి మెత్తటి గుడ్డతో తుడవండి చాలు," అని తాళాలిచ్చి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.

కారు వాకిట్లోకి వచ్చేసరికి తమ్ముడు చెయ్యి ఊపి ఆపాడు. ఆవిడ ఏదో అనేలోపే, "అక్క దగ్గర పని చేయించుకున్నారు, మాకూ కావలసినవారే. షెడ్డు దుమ్ము పడింది, ఊరికే కడిగిస్తాను. మీరు దిగి నీడలో కూర్చోండి," అని తాళాలు తీసుకున్నాడు. జీవితమంతా పిల్లల్ని హడలెత్తించిన ఆవిడ మర్యాదకు లొంగిపోయింది.

చేతులు తుడుచుకుంటూ రంగులక్క బయటికి వచ్చేసరికి నీలం కారు కుచ్చుల మధ్య ఉంది. పరుగెత్తింది గానీ అప్పటికే అయిపోయింది. బానెట్ నిండా గీతలు. తలుపు అంచున పాత రంగూ కొత్త రంగూ కలిసేచోట రంగు లేచి, తడిసిన కాగితంలా వేలాడుతోంది.

వరుసలో ఉన్న డ్రైవర్లు మూగారు. తమ్ముడు ఒకసారి వంగి చూసి, అందరికీ వినపడేలా అన్నాడు. "రంగు సరిగా పట్టలేదు. మిషన్ ఏం చేస్తుంది, గన్ పట్టిన చెయ్యి అలాంటిదైతే."

రెండేళ్ళ తర్వాత ఆమె నేరుగా వాడితో మాట్లాడింది. "మిషన్ ఆపు."

ఆ గొంతులో ఏముందో గానీ వాడు ఆపాడు. ఆమె తెల్ల తువ్వాలు తడిపి, గదిలోకి వెళ్ళి, ఒక కుచ్చును మొదట్నుంచి చివరిదాకా గట్టిగా దూసింది. తువ్వాలు తెచ్చి టోకెన్ల బల్ల మీద పరిచింది. నల్లటి బురద, అందులో ఇసుక రేణువులు, ఎవరిదో విరిగిన అద్దం తాలూకు చిన్న పెంకు.

"అన్ని కార్లూ వీటితోనే కడుగుతున్నాం. ఇన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు," అన్నాడు తమ్ముడు, ఈసారి కాస్త మెల్లగా.

"అన్ని కార్లూనా? నీ సొంత నల్ల కారు కూడానా?"

వాడు నోరు తెరిచేలోపే బల్ల వెనక నుంచి మరదలు అంది, ఎవరి వంకా చూడకుండా. "దాన్ని ఇంటి దగ్గర చేత్తో కడుగుతారు వదినా. రెండు బకెట్లు, మెత్తటి గుడ్డ. నన్ను కూడా ముట్టుకోనివ్వరు."

తమ్ముడి మొహం మాడిపోయింది. భార్య వైపు చూసిన చూపు కంటే కుచ్చులే నయం. వరుసలో చివరి కారతను బండి వెనక్కి తీసుకుని గేటు దాటాడు. ఆ వెనకే ఇంకొకతను. హెడ్‌మిస్ట్రెస్ లేచి వచ్చి తమ్ముడి ముందు నిలబడి, "చెయ్యి చాపు," అంది. నలభై దాటిన మగాడు నిజంగానే చాపబోయి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ ఆ చేతిలోంచి తాళాలు లాక్కుని రంగులక్కకిచ్చింది.

కారు మళ్ళీ షెడ్డులోకి వెళ్ళింది. ఇంకో తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లో తమ్ముడు క్షమించమనలేదు. ఒక బోర్డు మాత్రం రాయించి కట్టాడు: కారు రంగుకు మేము బాధ్యులం కాము. ఓ వారం గిరాకీ పలచబడింది. తర్వాత మళ్ళీ మామూలే. బోర్డు కిందే నిలబడి జనం టోకెన్లు తీసుకునేవారు. అది చూసి రంగులక్కకు తమ్ముడి మీద కంటే వాళ్ళ మీదే ఎక్కువ ఒళ్ళు మండింది. చెప్పినా వినరు, చూపించినా చూడరు, అయిదు నిమిషాలు మిగిలితే చాలు.

ఇక లాభం లేదనుకుని మేస్త్రీని పిలిచింది. షెడ్డు వెనక గోడ పగలగొట్టించి, సందు వైపు కొత్త గేటు పెట్టించింది. ముందు వాకిలికున్న దారిని ఇటుకలతో మూయించింది. "కిటికీ పాటి ఖాళీ ఉంచమంటారా అమ్మా, గాలికి," అని అడిగాడు మేస్త్రీ. "అటునుంచి వచ్చే గాలి నాకొద్దు," అంది.

మొదటి నెల ఆ సందు కనుక్కోలేక కొందరు వెనక్కి వెళ్ళిపోయారు. ఆమె బెంగపడింది గానీ ఎవరికీ చెప్పలేదు. తర్వాత దారి తెలిసింది. ఇప్పుడు పని బాగానే ఉంది. మరదలు అప్పుడప్పుడు సందు వైపు నుంచి వచ్చి ఓ స్టూలు మీద కూర్చుని పోతుంది. తమ్ముడి ఊసు ఇద్దరూ ఎత్తరు. ఒకసారి మాత్రం మరదలు అంది, "ఆయన మీ గురించి అడిగారు వదినా."

రంగులక్క గన్ శుభ్రం చేస్తూ తలెత్తలేదు. "కుచ్చులు మార్చాడా?"

"లేదు."

"అయితే అడగొద్దని చెప్పు," అని గన్‌లో రంగు పోసుకుంది.